ఆటకూ జూదానికీ నడుమ

మా వసతి గృహంలో పఠన మందిరాన్ని ఆనుకొని ఒక చిన్న గది కలదు. అందులో రెండు చదరంగపు పలకలు, ఒక క్యారమ్స్ బల్ల, గుడ్డపై కుట్టిన అష్టాచెమ్మా పటం, మూడు పేక కట్టలు ఉండేవి. గత సంవత్సరం మాలో ఒక విద్యార్థి ఫోనులో రమ్మీ ఆడి పరీక్ష రుసుమును పోగొట్టుకున్నాడు. వెంటనే కళాశాల సంఘం వారు పేక కట్టలను బీరువాలో పెట్టించి తాళం వేయించారు. మేము వెళ్ళి విన్నవించుకొనగా సంఘ సభ్యులొకరు నెమ్మదిగా ఇట్లా అడిగారు: “చదరంగాన్ని ఉంచి పేకలను తీయుట తగదంటున్నారు. మంచిది. ఆటకూ జూదానికీ భేదమేదో మీరే చెప్పండి.” ఆనాడు మాకు సమాధానం తోచలేదు. ఆలస్యంగానైనా ఇప్పుడు చెప్పుటకు ప్రయత్నిస్తున్నాము.

మొదట చదరంగాన్నే తీసుకుందాం. ఉర్దూ మాధ్యమం మిత్రుడూ తెలుగు మాధ్యమం మిత్రుడూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒక తమాషా జరుగుతుంది. మూలగడిలోని పావును తెలుగువాడు ఏనుగు అంటాడు, ఉర్దూవాడు రుఖ్ అంటాడు. గుఱ్ఱానికి అవతలి పావు మనకు శకటు. అతనికి ఫీల్, అనగా ఏనుగే! ఒకే పలక మీద ఇద్దరి ఏనుగులూ వేర్వేరు గళ్ళలో నిలిచి ఉంటవి. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల పేరుతో ఇక్కడ పుట్టిన చతురంగం ఇరాను చేరి చత్రంగ్ అయినది. అరబ్బుల నోట షత్రంజ్ అయినది. ఆ పేరుతోనే తిరిగి ఈ దేశానికి వచ్చి, ఇంటిపట్టున ఉన్న చదరంగం పక్కన కూర్చున్నది. పాత షత్రంజ్‌లో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. అతనికి నేటి బలం పదిహేనవ శతాబ్దం చివర ఐరోపాలో వచ్చినది. ‘షహ్ మాత్’ అని వారనే చోట ‘ఆటకట్టు’ అని మనం అంటాము.

చదరంగంలో దాపరికం లేదు, పాచిక లేదు. ఓడినవాడు తన బుద్ధినే నిందించుకొనవలెను. అందుచేతనే దానిని ఎవరూ జూదమనరు. అంతమాత్రాన అది నిరపాయకరమైనదని చెప్పలేము. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ కథను మా ఉర్దూ మిత్రులు ఎరుగుదురు. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రంగా తీసినారు. అందులోని ఇద్దరు జాగీర్దారులు డబ్బు పందెం కాయరు. అయినా అవధ్ రాజ్యం పోవుచుండగా పలక మీదినుండి తల ఎత్తరు. పేకలను అనుమానించువారు చదరంగాన్ని కూడ కొంచెం అనుమానించుట న్యాయం.

ఇక అదృష్టం సంగతి. అదృష్టం ప్రవేశించిన ప్రతి ఆటా జూదమే అన్నచో మన అమ్మమ్మలందరూ జూదరులే కావలసి వస్తుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగూ బోర్లపడితే అష్టా. గవ్వ ఎటు పడుటకైనా సమాన అవకాశం ఉన్నదనుకుంటే, మొత్తం పదహారు విధాలలో చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. రెండు పడుటకు ఆరు. నిజమైన గవ్వ ఇంత ధర్మంగా పడదు, అది వేరు. పందెం ఎంత పడవలెనో మన చేతిలో లేదు గాని, పడిన తరువాత ఏ కాయను నడపవలెనో మన ఇష్టం. వైకుంఠపాళిలో ఆ ఇష్టం కూడ లేదు. నిచ్చెన ఎక్కినా, పామునోట పడినా మన ప్రమేయం ఏమీ ఉండదు. కేవలం అదృష్టం మీద నడచు ఆ ఆటను పిల్లలకిచ్చి పెద్దలు నిశ్చింతగా ఉంటారు. కారణం స్పష్టమే: అక్కడ పోగొట్టుకొనుటకు ఏమీ లేదు.

పేకల వంశచరిత్రను కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. ముద్రిత పేకలు రాకముందు ఈ దేశంలో గంజీఫా ఆడేవారు. బాబరు 1527లో సింధులోని షా హుసేనుకు గంజీఫా పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. మొగలాయి గంజీఫాలో గుండ్రని పత్రాలు 96. తాజ్, సఫేద్, షంషేర్, గులామ్, చంగ్, సుర్ఖ్, బరాత్, కుమాష్ అని ఎనిమిది వర్గాలు. ఒక్కొక్క వర్గానికి రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెలు. నాలుగు వర్గాలలో పది పెద్దది. మిగిలిన నాలుగింటిలో క్రమం తలక్రిందులై ఒకటి పెద్దది. పగలు ఆడితే సుర్ఖ్ రాజుతో, రాత్రి ఆడితే సఫేద్ రాజుతో ఆట ఆరంభం. సుర్ఖ్ బంగారు నాణెం, సఫేద్ వెండి నాణెం. సూర్యచంద్రులను గుర్తుచేయు ఈ నియమం మాకు మిక్కిలి నచ్చినది. ముగ్గురు ఆడితే మనిషికి 32 పత్రాలు. పోయినవి ఏవో, మిగిలినవి ఏవో జ్ఞాపకం పెట్టుకొనలేనివాడు ఈ ఆటలో నిలువలేడు.

ఈ ఆటనే మరొకరు దశావతారాలతో కూర్చుకున్నారు. పది వర్గాలు, 120 పత్రాలు. ఒక వర్గానికి చేప గుర్తు, ఒకదానికి తాబేలు, ఒకదానికి గండ్రగొడ్డలి. పేరు ఫారసీది, బొమ్మలు పురాణానివి. మన నిర్మల్ చిత్రకారులు కూడ ఒకప్పుడు గంజీఫాలు చిత్రించినవారే.

రమ్మీని గూర్చి న్యాయస్థానం మాట మన సికిందరాబాదు నుండే వచ్చినది. అక్కడి ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పుతూ, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకొనుటకూ, దేనిని ఉంచి దేనిని వదలవలెనో నిర్ణయించుటకూ నేర్పు కావలెననీ అన్నది. కాని అదే తీర్పులో మరొక మాట కూడ ఉన్నది: ఆట మీద క్లబ్బు లాభం గడించుచున్నచో అది నేరం కావచ్చును. మా పక్షాన వాదించువారు మొదటి మాట చెప్పి రెండవది మరచిపోతారు. మేమూ నిరుడు మరచిపోయాము.

ఆ రెండవ మాటలోనే మా జవాబు ఉన్నదని ఇప్పుడు అనుకుంటున్నాము. ఫోను రమ్మీలో నిర్వాహకుడు ప్రతి పందెం నుండి తన భాగం తీసుకునేవాడు. కాబట్టి ఆడువారందరి సొమ్మును ఒకచోట రాశి పోసి చూస్తే, అది ఆటాటకూ తరుగునే గాని పెరగదు. ఎదుటివాడెవరో కనబడడు, ‘ఇక చాలు, లే’ అని చెప్పు మిత్రుడు పక్కన లేడు, దీపాలార్పు వేళ లేదు. నేర్పు ఉన్నదన్న వాదం ఇక్కడ మిగిలిన ఆశకు ముసుగు మాత్రమే. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బుతో ఆడు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నేర్పు ఆటయా, అదృష్టపు ఆటయా అన్న విచక్షణ లేకుండ, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడు ఆటలన్నిటినీ నిషేధ పరిధిలోనికి తెచ్చినది. ఖురాన్ మైసిర్‌ను నిషేధించినది. ధర్మరాజు జూదంలో ఏమి ఒడ్డినాడో ఏమి పోగొట్టుకున్నాడో అందరికీ తెలిసినదే.

కాబట్టి సంఘం వారికి మా మనవి ఇది. గదిలో డబ్బు కనబడరాదని గోడ మీద వ్రాయించండి. మేమే కాపలా ఉంటాము. రాత్రి తొమ్మిదింటికి గది మూయించండి. ఫోనులో పోగొట్టుకున్న మిత్రుడు ఆనాడు ఒంటరిగా, దుప్పటి కప్పుకొని ఆడినాడు. పక్క గదిలో మేము నలుగురం ఉన్నాము, ఒక్కరమూ చూడలేదు. ఆ సంగతి మమ్ములను ఇప్పటికీ బాధిస్తున్నది.

బీరువాలోని మూడు కట్టలలో ఒకదానికి కళావరు రాణి లేదు. తాళం తీయించునప్పుడు ఆ కట్ట బదులు కొత్తది ఒకటి తెప్పించవలెనని కూడ కోరుచున్నాము.