గరాజ్‌లో ఇద్దరు

మన ఇళ్ళలో గరాజ్ అంటే కార్లు, మంచు తోసే మిషను, బియ్యం బస్తాలు, ఇండియా ప్రయాణాల ఖాళీ సూట్‌కేసులు. 1960ల నడుమ అమెరికా కుర్రాళ్ళకు మాత్రం అది పాటలు సాధన చేసుకునే చోటు. చవక గిటార్లతో, వచ్చిన నాలుగు మెట్లతో వాళ్ళు హోరెత్తించిన బాణీకే తర్వాత 'గరాజ్ రాక్' అని పేరు స్థిరపడింది.

ఆ బాణీని మేముంటున్న డిట్రాయిట్ నుంచి మళ్ళీ లోకానికి వినిపించిన జంట 'ది వైట్ స్ట్రైప్స్'. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో నేను వీళ్ళ పేరైనా వినలేదు. జాక్ వైట్ పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. సోఫాలకు గుడ్డ తొడిగే పని నేర్చినవాడు. డ్రమ్స్ వాయించే మెగ్ వైట్ ఆయన భార్య. 1997లో బ్యాండ్ మొదలుపెట్టి, బయట మాత్రం అక్కాతమ్ముళ్ళమని చెప్పుకున్నారు! 2000లో విడాకులు తీసుకున్నా బ్యాండ్ ఆగలేదు.

వీళ్ళకు పేరు తెచ్చిన 2001 నాటి ఆల్బమ్ 'వైట్ బ్లడ్ సెల్స్'. మనలాంటి డాక్టర్లు పాఠ్యపుస్తకం అనుకుంటే తప్పులేదు. 2003లో వచ్చిన 'ఎలిఫెంట్'ను లండన్‌లో ఒక చిన్న స్టూడియోలో, కంప్యూటర్ జోలికి పోకుండా, పాత టేపు మిషన్ల మీద రికార్డు చేశారు. అందులోని 'సెవెన్ నేషన్ ఆర్మీ' పేరు, చిన్నప్పుడు జాక్ 'సాల్వేషన్ ఆర్మీ'ని తప్పుగా వినడంవల్ల పుట్టింది. ఆ పాటలో బాస్ గిటార్‌లా వినిపించేది మామూలు గిటారే; పెడల్‌తో నాదాన్ని ఒక స్థాయి కిందికి దించారు. 2006 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్‌లో ఇటలీ అభిమానులు ఆ వరుసను మాటలు లేకుండా ఎత్తుకున్నారు. ఇవాళ బ్యాండ్ పేరు తెలియనివాళ్ళు కూడా స్టేడియంలో దాన్ని పాడతారు.

మెగ్ వాయింపు చిన్నపిల్లల వాయింపులా ఉందని కొందరు విమర్శకులు ఎగతాళి చేశారు. కాని ఆ నిలకడైన దెబ్బ ఉండబట్టే జాక్ గిటార్ ఎంత దూరం వెళ్ళినా పాట చెదరలేదు. 2007 సెప్టెంబరులో మెగ్‌కు తీవ్రమైన ఆందోళన కలగడంతో యాత్ర రద్దయింది. 2011లో బ్యాండ్ ముగిసింది.

ఇక్కడ డాక్టరుగా ఒక మాట. గుండెదడ, చేతుల వణుకు అంటూ వచ్చిన మనవాళ్ళకు "ఈసీజీ బాగుంది" అంటే, "అయితే ఏమీ లేదన్నమాట" అని లేచిపోతారు. గుండెజబ్బు లేదంటే బాధ లేదని కాదు. ఆందోళనా జబ్బే, దానికీ వైద్యముంది. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మా తొమ్మిదేళ్ళ అమ్మాయి డ్రమ్స్ కావాలంది. "కూచిపూడి, లెక్కల క్లాసులు చాలవూ?" అన్నాను. "మెగ్ లాగా వాయిస్తానమ్మా" అంది. పోయిన వేసవిలో సూట్‌కేసులు అటకెక్కాయి. బాగా వాయించాలని నేనేమీ షరతు పెట్టలేదు. భయం వేసిన రోజు నాతో చెప్పాలని మాత్రం మాట తీసుకున్నాను.