అమెరికాలో అద్దె ఇల్లు: లీజులో మీ పేరుందా?

ఆగస్టులో అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ మొదలవుతుంది. వీసా, టికెట్లు, పచ్చళ్ల ప్యాకింగ్ హడావుడిలో చాలామంది విద్యార్థులు చివరికి వదిలేసేది ఒకటుంది. దిగాక ఉండేదెక్కడ? ఆ జవాబు తరచూ సీనియర్ల వాట్సాప్ గ్రూపులో దొరుకుతుంది. టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక 'స్పాట్' ఖాళీ ఉందని మెసేజ్ వస్తుంది. అడ్వాన్స్ పంపేస్తారు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

అద్దె ఎంత, బస్సు ఉందా, వంట ఎవరు చేస్తారు అని అందరూ అడుగుతారు. లీజు ఎవరి పేరు మీద ఉందని అడిగేవాళ్లు తక్కువ. తర్వాత వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఆ అడగని ప్రశ్నే.

'ఓపెన్ డోర్స్' నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వీరిలో పెద్ద భాగం మాస్టర్స్ చదివేవాళ్లు. చాలా యూనివర్సిటీలు హాస్టల్ గదుల్లో మొదటి ప్రాధాన్యం డిగ్రీలో కొత్తగా చేరినవాళ్లకు ఇస్తాయి. దాంతో మాస్టర్స్ విద్యార్థులు బయట ఇల్లు వెతుక్కోక తప్పదు.

కొత్తవాళ్లకు ఇల్లు ఎందుకు దొరకదు?

అపార్ట్‌మెంట్ కంపెనీలు ముందుగా చూసేది క్రెడిట్ హిస్టరీ, ఆదాయం. అద్దెకు మూడు రెట్ల నెలసరి ఆదాయం చూపించమని చాలాచోట్ల అడుగుతారు. కొత్తగా వచ్చిన విద్యార్థికి రెండూ ఉండవు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకు సాధారణంగా క్యాంపస్‌లో ఉద్యోగం దొరికాకే సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తుంది.

దారి లేకపోలేదు. ఐ-20, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసి కొందరు ఇల్లు ఇస్తారు. కొందరు అదనపు డిపాజిట్ అడుగుతారు. ఫీజు తీసుకుని హామీదారుగా నిలిచే కంపెనీలు కూడా ఉన్నాయి. ఇదంతా ఎందుకని విద్యార్థులు సీనియర్ లీజు నీడన చేరిపోతారు.

పేరు లేకపోతే

లీజులో పేరు లేకుండా ఉంటే యజమాని దృష్టిలో మీరు ఆ ఇంట్లో లేనట్టే. అనుమతి లేని మనిషి ఉన్నాడని తెలిస్తే లీజు ఉల్లంఘన కింద అసలు అద్దెదారుకే నోటీసు వస్తుంది. మీరు డిపాజిట్ ఇచ్చింది రూమ్మేట్‌కు కాబట్టి యజమానిని అడగలేరు. రాష్ట్రాన్ని బట్టి మీకు కొన్ని హక్కులున్నా, నగదుగా ఇచ్చిన డబ్బుకు రుజువు చూపడం కష్టం.

పేరు ఉంటే

పేరు ఉండటం మంచిదే. కానీ సంతకం చేసే ముందు ఒక నిబంధన చదవాలి. నలుగురు కలిసి తీసుకునే లీజుల్లో సాధారణంగా 'జాయింట్ అండ్ సెవరల్ లయబిలిటీ' ఉంటుంది. అంటే అద్దె మొత్తానికి ప్రతి ఒక్కరూ బాధ్యులే.

డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో నలుగురు కలిసి నెలకు 2,000 డాలర్లకు ఫ్లాట్ తీసుకున్నారనుకుందాం. తలా 500. డిసెంబరులో ఇద్దరు ఉద్యోగాలు వచ్చి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి డబ్బు ఆపేస్తే, మిగిలిన ఇద్దరినీ యజమాని 2,000 అడగొచ్చు. 'నా వాటా నేను కట్టాను' అనే మాట అక్కడ చెల్లదు. బకాయి పడితే అది కలెక్షన్ ఏజెన్సీకి చేరి, అప్పుడప్పుడే మొదలైన క్రెడిట్ రికార్డును దెబ్బతీస్తుంది.

కొన్ని స్టూడెంట్ అపార్ట్‌మెంట్లు గదికో, మంచానికో విడిగా లీజు ఇస్తాయి. అద్దె కాస్త ఎక్కువైనా, పక్కవాడు ఎగ్గొట్టిన అద్దె మీ మీద పడదు.

మధ్యలో వెళ్లాల్సి వస్తే

మన దగ్గర ఒకటి రెండు నెలల ముందు చెప్పి ఖాళీ చేయడం మామూలే. అమెరికాలో 12 నెలల లీజంటే 12 నెలల అద్దెకు మాటిచ్చినట్టు. వేరొకరికి సబ్‌లీజ్ ఇవ్వాలంటే యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అయినా అసలు లీజు మీ పేరు మీదే కొనసాగుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం అనుమతి లేని సబ్‌లీజ్ కుదరదు. అయితే మీరు వెళ్లిపోయాక ఆ ఇంటిని మళ్లీ అద్దెకిచ్చే ప్రయత్నం చేయాల్సిన బాధ్యత యజమానిది.

డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగొస్తుంది?

ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్, మసాచుసెట్స్‌లలో ఒక నెల అద్దెకు మించకూడదు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి ఎక్కువ మంది యజమానులకు ఇదే పరిమితి. టెక్సాస్‌లో పరిమితి లేదు.

తిరిగి ఇవ్వాల్సిన గడువు న్యూయార్క్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 21, టెక్సాస్‌లో 30. టెక్సాస్‌లో ఒక మెలిక ఉంది. మీ కొత్త అడ్రస్ రాసి ఇచ్చేదాకా డబ్బు తిరిగి పంపాల్సిన బాధ్యత యజమానికి ఉండదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డిపాజిట్‌లో కోయకూడదు. అందుకే దిగిన రోజే గోడలు, కార్పెట్, పొయ్యి వీడియో తీసి యజమానికి ఈమెయిల్ చేయాలి.

డబ్బు పంపే ముందు

మార్కెట్ కన్నా బాగా తక్కువ అద్దె, 'నేను ఊళ్లో లేను, తాళాలు కొరియర్ చేస్తా' అనే యజమాని, వెంటనే జెల్ చేయమనే ఒత్తిడి. ఈ మూడూ మోసానికి గుర్తులు. అలా పంపిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. తెలిసినవాళ్లతో ఇల్లు చూపించుకోండి, లేదా లైవ్ వీడియో కాల్ అడగండి. లీజు కాపీ చేతికొచ్చాకే డబ్బు పంపండి. ఆఫ్-క్యాంపస్ హౌసింగ్ ఆఫీసు, విద్యార్థులకు న్యాయ సహాయం ఉన్న యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి. సంతకానికి ముందే లీజు వాళ్లకు చూపించవచ్చు.

ఇల్లు మారినప్పుడల్లా ఎఫ్-1 విద్యార్థులు 10 రోజుల్లోగా కొత్త అడ్రస్‌ను యూనివర్సిటీకి తెలపాలి. అది నిజంగా ఉంటున్న ఇంటి అడ్రస్సే కావాలి. లీజులో పేరు లేదని దాన్ని దాచుకునే పరిస్థితి వస్తే, ఇంటి సమస్య వీసా సమస్య అవుతుంది. ఎలాగూ చెప్పక తప్పని అడ్రస్ కాబట్టి, లీజులో పేరు సంగతి అడ్వాన్స్ పంపకముందే తేల్చుకోవాలి.