ఒక్క సంచిలో పట్టేన్ని పుస్తకాలు!

ప్రోగ్రామర్లు తప్పక చదవాల్సిన పుస్తకాలేవి? అడిగితే ఎవరైనా పాతిక పేర్లు చెబుతారు. చెప్పినవాళ్లు అందులో సగమైనా చదివారా అన్నది వేరే సంగతి! వాటిని ఘాటు రోడ్డు మీదుగా డొంకరాయి దాకా మోసుకెళ్లాలంటే మాత్రం... జాబితా దానంతటదే చిక్కిపోతుంది.

నర్సీపట్నంలో బస్సెక్కితే చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు... ఆ తర్వాత డొంకరాయి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకైతే చింతూరు, మోతుగూడెం దాటాక వస్తుంది. ఎటు నుంచి వచ్చినా అడవీ, మలుపులే. సీలేరు నది మీద ఆనకట్ట, 25 మెగావాట్ల జలవిద్యుత్‌ కేంద్రం, ఉద్యోగుల కాలనీ, చుట్టూ కొండల్లో గిరిజన గూడేలు. ప్రోగ్రామింగ్‌ పుస్తకాలు నాలుగు చూసి కొనుక్కోవాలంటే మాత్రం కొండ దిగాల్సిందే.

ఇప్పుడు ఓ చిన్న లెక్క. ఇలాంటి ఊళ్లో ఇంటర్‌ చదివేవాళ్లు, పాలిటెక్నిక్‌కో ఇంజినీరింగ్‌కో వెళ్లి సెలవులకు ఇంటికొచ్చేవాళ్లు ఓ పదిమంది పిల్లలు ఉన్నారనుకుందాం. అందరికీ కలిపి ఒకే ఒక్క సంచి పుస్తకాలు పంపాలి. ఏవి పంపుతారు?

హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్‌ ఆఫీసులో అడిగినా జవాబు తడుముకోకుండా వచ్చేస్తుంది. కెర్నిగాన్‌, రిచీ రాసిన ‘ద సి ప్రోగ్రామింగ్‌ లాంగ్వేజ్‌’, నూత్‌ ‘ద ఆర్ట్‌ ఆఫ్‌ కంప్యూటర్‌ ప్రోగ్రామింగ్‌’, మెక్‌కానెల్‌ ‘కోడ్‌ కంప్లీట్‌’, నలుగురు కలిసి రాసిన ‘డిజైన్‌ ప్యాటర్న్స్‌’... ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతున్న పేర్లివి. అన్నీ మంచి పుస్తకాలే. చిక్కల్లా ఒక్కటే. ఇలాంటి జాబితాల్లో చాలావరకు చదివేవాళ్ల అవసరం కన్నా చెప్పేవాళ్ల దర్జాయే ఎక్కువ కనిపిస్తుంది. పెళ్లి విందులో విస్తరి నింపినట్టు, ఎన్ని పేర్లుంటే అంత మర్యాద!

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్‌.ఆర్‌.రంగనాథన్‌ మొదట్లో లెక్కల మాస్టారు. 1931లో ఆయన గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాశారు. పుస్తకం ఎంత గొప్పదన్న దానికన్నా ముందు అది ఎవరి చేతికి వెళ్తోందో చూడమన్నది వాటి సారాంశం. ప్రోగ్రామింగ్‌ విషయంలో ఆ మాట మరీ నిజం. మొదటి పుస్తకం ఎంపిక తప్పితే పుస్తకానికొచ్చే నష్టమేమీ లేదు. చదివేవాళ్లే ‘ఇది నావల్ల కాదు’ అనేసుకుంటారు. ఆ తర్వాత ఎన్ని మంచి పుస్తకాలు ఇచ్చినా ముట్టుకోరు.

చదివినవాళ్లకు పిలిచి ఉద్యోగం

జాబితాల్లో పెద్దపీట డోనాల్డ్‌ నూత్‌ది. 1962లో ఆయన ఒకే పుస్తకంగా, 12 అధ్యాయాలతో రాద్దామని మొదలుపెట్టారు. అది రాను రాను సంపుటాలైంది. మొదటిది 1968లో, రెండోది ఆ మరుసటేడు, మూడోది 1973లో వచ్చాయి. నాలుగో సంపుటంలో మొదటి భాగం రావడానికి 2011 దాకా పట్టింది. రెండో భాగం 2022లో వచ్చింది. అప్పటికి నూత్‌ వయసు 84! మధ్యలో ఓసారి అచ్చు అందంగా లేదని ఆయనకు మనసు నొచ్చుకుంది. పుస్తకం పక్కనపెట్టి అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్‌నే సొంతంగా తయారుచేసుకున్నారు. నేటికీ లెక్కల, భౌతికశాస్త్ర పరిశోధకులు తమ వ్యాసాలను సిద్ధం చేసుకునేది ఆ ‘టెక్‌’ ఆధారంగానే.

పుస్తకంలో తప్పు చూపించినవాళ్లకు నూత్‌ 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. అంటే 256 సెంట్లు. పదహారును ఆధారంగా తీసుకునే కంప్యూటర్‌ లెక్కలో 256ని వందగా రాస్తారు, అదీ సరదా. ఆ చెక్కుల్ని మార్చుకోకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్లే ఎక్కువ. చెక్కుల మోసాలు పెరగడంతో 2008 నుంచి ఓ ఊహా బ్యాంకు పేరుతో ధ్రువపత్రాలు ఇస్తున్నారు. ఈ పుస్తకాన్ని మొత్తం చదివి అర్థం చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే తనకు బయోడేటా పంపమని బిల్‌ గేట్స్‌ అన్నారంటే అది ఎంత కఠినమో ఊహించొచ్చు. సంపుటాలన్నీ పెడితే సంచి నిండిపోతుంది. డొంకరాయికి దీన్ని పంపొద్దు. కాలేజీ లైబ్రరీలో ఉంటే చాలు.

పవర్‌హౌస్‌ పక్కనే మొదటి పాఠం

మరి మొదట ఏది? పెద్ద జాబితాల్లో అంతగా ముందుకు రాని పుస్తకం ఒకటుంది. చార్లెస్‌ పెట్‌జోల్డ్‌ రాసిన ‘కోడ్‌’. 1999లో వచ్చింది, 2022లో కొత్త కూర్పు వేశారు. అందులో కంప్యూటర్‌ వెంటనే కనిపించదు. ఎదురెదురు ఇళ్లలోని ఇద్దరు పిల్లలు రాత్రిపూట కిటికీల్లోంచి టార్చిలైటు వెలిగిస్తూ ఆర్పుతూ మాట్లాడుకోవడంతో కథ మొదలవుతుంది. అక్కణ్నుంచి మోర్స్‌ సంకేతాలు, బ్రెయిలీ లిపి, బ్యాటరీ, బల్బు, స్విచ్చి, టెలిగ్రాఫ్‌ రిలే. రిలేని రిలేతో కలిపితే కూడికలు. ఇంకొన్ని కలిపితే జ్ఞాపకశక్తి. చివరికొచ్చేసరికి చదివేవాళ్ల చేతిలో ఓ కంప్యూటర్‌ తయారై ఉంటుంది, కాగితం మీదే అయినా.

రిలే అనే మాట బెంగళూరు అపార్ట్‌మెంట్లో పిల్లలకు కొత్త కావచ్చు. పవర్‌హౌస్‌ కాలనీలో పెరిగిన పిల్లలకు అది నాన్న డ్యూటీ కబుర్లలో వినబడే మాట. లైన్లో ఏదైనా తేడా వస్తే కనిపెట్టి కరెంటు ఆపించే పరికరమది. అవును-కాదు అనే తర్కాన్నంతా రిలే సర్క్యూట్లతో చేయించవచ్చని 1937లో క్లాడ్‌ షానన్‌ అనే కుర్రాడు తన ఎంఎస్‌ సిద్ధాంతవ్యాసంలో నిరూపించాడు. నేటి డిజిటల్‌ యంత్రాలన్నిటికీ అదే పునాది. అమీర్‌పేటలో మూడో నెలలో కూడా చెప్పని సంగతి డొంకరాయి పిల్లలకు ఇంటి పక్కనే ఉందన్నమాట!

ఏ పుస్తకం తర్వాత ఏది అన్నదీ ముఖ్యమే. పైన మాచ్‌ఖండ్‌లో టర్బైన్లు తిప్పిన నీరే బలిమెల, ఎగువ సీలేరు దాటి డొంకరాయికి వస్తుంది. ఇక్కడ 25 మెగావాట్లిచ్చి, కాలువలో పడి పొల్లూరు దగ్గర దిగువ సీలేరు కేంద్రానికి వెళ్తుంది. 1970ల్లో కట్టిన అక్కడి నాలుగు యూనిట్ల సామర్థ్యం 460 మెగావాట్లు. వరస తప్పితే ఆ నీరు ఉత్త వరదే.

సన్నటి పుస్తకం, గట్టి పుస్తకం

‘కోడ్‌’ తర్వాత సంచిలోకి ‘ద సి ప్రోగ్రామింగ్‌ లాంగ్వేజ్‌’ రావాలి. 1978లో మొదటి కూర్పు, 1988లో రెండోది. మూడువందల పేజీలు కూడా ఉండదు. కొత్త భాష నేర్చుకునేవాళ్లు తెర మీద మొట్టమొదట ‘హలో వరల్డ్‌’ అని రాయించే ఆచారానికి ప్రచారం తెచ్చింది ఈ పుస్తకమే. అయితే ఓ హెచ్చరిక. ఇది ప్రోగ్రామింగ్‌తో ఎంతోకొంత పరిచయం ఉన్నవాళ్ల కోసం రాసింది. వాక్యానికి వాక్యం బరువే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు తిన్నగా దీంట్లోకి దిగితే రెండో అధ్యాయంలోనే ఆగిపోతారు.

అందుకే విదేశీ జాబితాల్లో కనిపించని పేరొకటి ఇక్కడ చేర్చాలి. నాగ్‌పుర్‌కి చెందిన యశవంత్‌ కనేత్కర్‌ ‘లెట్‌ అజ్‌ సి’. పెద్ద ప్రోగ్రామర్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. మన కాలేజీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన టర్బో సి వాసనలు పాత కూర్పుల్లో ఉన్నమాటా నిజమే. కానీ మాటలు తేలిక, ఉదాహరణలు చిన్నవి, ఇంగ్లిషుకి బెదరక్కర్లేదు. సి భాషలో చాలామంది తెలుగు ఇంజినీర్లు ఓనమాలు దిద్దింది దీంతోనే. అది చదివి ఆ పెద్ద పుస్తకానికి వెళ్తే తప్పేముంది?

అమీర్‌పేట జిరాక్సు షాపుల్లో దొరికే ‘మెటీరియల్‌’ మాత్రం వద్దు. ఇంటర్వ్యూ గట్టెక్కడానికి అది పనికొస్తుంది, కాదనలేం. ఆర్నెల్ల తర్వాత కంపెనీ వేరే టూలు మార్చితే ఆ కాగితాలు పొట్లాలకే. ‘30 రోజుల్లో ఇంగ్లిష్‌’ తరహాలో ‘24 గంటల్లో జావా’ అంటూ పుస్తకాలు వెల్లువెత్తిన రోజుల్లో పీటర్‌ నార్విగ్‌ 2001లో ఓ చిన్న వ్యాసం రాశారు, ప్రోగ్రామింగ్‌ని పదేళ్లలో మీకు మీరే నేర్చుకోండని! నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీసి సంచిలో పడేస్తే బరువేం కాదు.

కృత్రిమ మేధ అడిగిన ప్రోగ్రామ్‌ని క్షణాల్లో రాసిస్తున్న కాలంలో ఇంకా పుస్తకాలా అనొచ్చు. రాసిచ్చినదాంట్లో తప్పెక్కడుందో చెప్పగలిగేవాళ్లు కావాలి కదా. పైగా కొండల్లో సిగ్నల్‌ పోతే కృత్రిమ మేధ కూడా పోతుంది, పుస్తకం పోదు.

‘జ్ఞా’ దెబ్బకు ఐఫోన్లు ఢమాల్‌

అమెరికాలో తయారయ్యే జాబితాల్లో మనవాళ్లకు అవసరమైనది ఒకటి తరచూ లోపిస్తుంది. అదేంటో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోవాలి. తెలుగు ‘జ్ఞా’ అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఓ గుర్తుతో, మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్‌ ఠక్కున ఆగిపోయేది. ప్రపంచమంతా గగ్గోలు. ఆపిల్‌ ఆ నెల్లోనే సవరణ విడుదల చేయాల్సొచ్చింది. ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చుంటాయి. మనవి ఒకదాని కింద ఒకటి, ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి వేలాడతాయి.

‘రాష్ట్రం’ అన్న మాటే తీసుకోండి. బడిపిల్లల్ని అడిగితే రెండక్షరాలంటారు. కంప్యూటర్‌కి అవి ఎనిమిది: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. నెట్‌లో ఎక్కువగా వాడే పద్ధతిలో దాచుకుంటే 24 బైట్లు. ‘ఈ పదంలో ఎన్ని అక్షరాలున్నాయి’ అని ప్రోగ్రామ్‌ రాయమంటే ఇంగ్లిషు పుస్తకం చదివినవాళ్లు తెలుగులో తప్పు జవాబే చెబుతారు. ఇంగ్లిషులో ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70తోనే సరిపెట్టుకోవాల్సి రావడం వెనకున్నదీ ఇలాంటి లెక్కే.

1991లో వచ్చిన యూనికోడ్‌ తొలి కూర్పులోనే తెలుగుకి 128 గళ్లు కేటాయించారు. ఆ ప్రమాణ గ్రంథం ఉచితం. భారతీయ లిపుల అధ్యాయంలో తెలుగు మీద ప్రత్యేక భాగముంది, కొద్ది పేజీలే. దానికి ముందు జోయెల్‌ స్పోల్‌స్కీ 2003లో యూనికోడ్‌ మీద రాసిన వ్యాసం చదివితే దారి సుగమం. కంప్యూటర్‌ని తెలుగులోకి తేవడానికి 2005 నుంచి పనిచేస్తున్న హైదరాబాద్‌ ‘స్వేచ్ఛ’ బృందం లాంటివాళ్లతో కలిసి పనిచేయాలనుకునే పిల్లలకు వీటికి మించిన ప్రవేశిక లేదు.

ఇంట్లోవాళ్లకూ ఒకటి...

మిగిలిన చోటులో ఏం పెట్టాలి? ‘డిజైన్‌ ప్యాటర్న్స్‌’ వద్దు. 1994 నాటి ఈ పుస్తకంలోని 23 పద్ధతులు గొప్పవే. వాటి వెనకున్న ఆలోచన ఇళ్లు కట్టే క్రిస్టఫర్‌ అలెగ్జాండర్‌ది కావడం ఇంకా విశేషం. కానీ పెద్ద ప్రోగ్రాముతో ఓసారైనా తిప్పలు పడితేగానీ ఆ మందు ఏ రోగానికో తెలియదు. ‘కోడ్‌ కంప్లీట్‌’ ఉద్యోగంలో చేరాక చదవొచ్చు. తొమ్మిదివందల పేజీల ఇటుక అది.

హంట్‌, థామస్‌ల ‘ద ప్రాగ్మాటిక్‌ ప్రోగ్రామర్‌’కి మాత్రం చోటివ్వాలి. 1999లో వచ్చింది. ప్రోగ్రామ్‌ ఎందుకు పనిచేయడం లేదో అంతుబట్టకపోతే బల్ల మీద ఓ రబ్బరు బాతు పెట్టుకుని దానికి వరసగా వివరించమనే చిట్కాకు పేరు తెచ్చింది ఇదే. చెబుతుండగానే తప్పు దొరికిపోతుందట! బాతు దొరక్కపోతే తాతయ్య ఉన్నారుగా.

అమ్మానాన్నల కోసం ఫ్రెడ్‌ బ్రూక్స్‌ ‘ద మిథికల్‌ మ్యాన్‌-మంత్‌’. 1960ల్లో ఐబీఎంలో ఓ భారీ సాఫ్ట్‌వేర్‌ తయారీని నడిపించిన అనుభవంతో 1975లో రాశారు. పని ఆలస్యమైందని కొత్తవాళ్లని దించితే, వాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల సమయం కరిగిపోయి పని మరింత వెనకబడుతుందని తేల్చారాయన. ఇంట్లో సాఫ్ట్‌వేర్‌ కొడుకో కూతురో రాత్రి పదింటికి కూడా ఫోన్‌ ఎత్తకపోతే, కారణం ఇందులో దొరకొచ్చు. కథలా చదువుకోవాలంటే ట్రేసీ కిడర్‌ ‘ద సోల్‌ ఆఫ్‌ ఎ న్యూ మెషీన్‌’ ఉంది. ఓ కంపెనీలో కుర్ర ఇంజినీర్లు నిద్రాహారాలు మాని కొత్త కంప్యూటర్‌ తయారుచేసిన వైనం. 1982లో పులిట్జర్‌ బహుమతి అందుకుంది.

బరువు లేనివి పెన్‌డ్రైవ్‌లో వేసేయొచ్చు. ఎంఐటీ విద్యార్థులు ఏళ్ల పాటు చదువుకున్న ఏబెల్‌సన్‌, సస్‌మన్‌ల ‘స్ట్రక్చర్‌ అండ్‌ ఇంటర్‌ప్రెటేషన్‌ ఆఫ్‌ కంప్యూటర్‌ ప్రోగ్రామ్స్‌’, పైథాన్‌ నేర్పే ఆలెన్‌ డౌనీ ‘థింక్‌ పైథాన్‌’, నలుగురు కలిసి ఒకే ప్రోగ్రాముపై పనిచేసేటప్పుడు పనికొచ్చే ‘ప్రో గిట్‌’... వీటిని రచయితలూ ప్రచురణకర్తలే నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తున్నారు. కాబట్టి దొంగ కాపీల జోలికి వెళ్లాల్సిన పని లేదు. సిగ్నలున్న చోట ఒకరు దించుకుంటే పదిమందీ పంచుకోవచ్చు.

కొనాల్సినవాటికి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌, కోఠి పాత పుస్తకాల షాపులు ఉండనే ఉన్నాయి. పాతవి కొనేటప్పుడు కూర్పు ఏదో చూసుకోవాలి. కెర్నిగాన్‌, రిచీ పుస్తకమైతే అట్ట మీద ‘ఆన్సి సి’ అన్న ఎర్ర ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే అది 1978 నాటిది కావచ్చు. నేర్చుకోవడానికి పనికిరాదు గానీ, దొరికితే దాచుకోండి.