తోకకు వచ్చిన తిప్పలు

వరి కోతలు అయ్యాక గుణదల దాటి ఎనికేపాడు వైపు వెళ్తే ఏదో ఒక పూట జీవాల మంద ఎదురవుతుంది. ముందు గొంగడి భుజాన వేసుకున్న కాపరి, వెనక తల వంచుకుని నడిచే గొర్రెలు, ఆ దుమ్ములో అన్నిటికన్నా చివర ఒక కుక్క. జాతి పేరు అడిగితే కాపరి నవ్వుతాడు. దాని తోక మాత్రం నడుము మీదికి చుట్ట చుట్టుకుని, బిందె కింద పెట్టే చుట్టకుదురులా ఉంటుంది.

అదే సాయంత్రం మా వీధి చివర మేడ గేటు దగ్గర రాట్‌వైలర్ కనిపిస్తుంది. యజమాని బండి చప్పుడు వినపడగానే దాని వెనక సగం మొత్తం అటూ ఇటూ ఊగిపోతుంది. ఊపడానికి తోక లేదు మరి, ఉన్నది బొటనవేలంత మొండి. విశేషమేమిటంటే ఇదీ మందల కుక్కే. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊళ్లో కసాయివాళ్లు పశువులను తోలడానికీ బండ్లు లాగించడానికీ పెంచిన రకం. ఒకే వృత్తిలో పుట్టిన రెండు కుక్కలు. ఒకదానికి తోక మిగిలింది, ఒకదానికి పోయింది.

పోవడం ఈనాటి సంగతి కాదు. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా సేద్యం మీద రాసిన గ్రంథంలో కాపరుల నమ్మకం ఒకటి చెబుతాడు. కుక్కపిల్ల పుట్టిన 40వ రోజున దాని తోక కొసను పళ్లతో కొరికి, నరంతో సహా లాగేస్తే ఇక దానికి పిచ్చి పట్టదట! కుక్క కరుస్తుందన్న భయంతో మనిషే ముందు కరిచాడన్నమాట. రేబిస్‌కు అసలు మందు కోసం 1885లో పాశ్చర్ టీకా వేసేదాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాత వంతు ఇంగ్లండ్‌ది. 1796లో అక్కడ కుక్కల మీద పన్ను వేశారు. పని చేసే కుక్కలకు మినహాయింపు ఉండేదనీ, గుర్తు కోసం వాటి తోకలు కోసేవారనీ చెబుతారు. బొచ్చు కళ్ల మీద పడే ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్‌కు ‘బాబ్‌టెయిల్’ (అంటే మొండితోక) అన్న ముద్దుపేరు ఇలాగే వచ్చిందంటారు. బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ పెంచుకున్న మార్తా ఆ జాతిదే. 1968లో వచ్చిన పాటకు ఆయన దాని పేరే పెట్టుకున్నాడు. పన్ను చరిత్రలో కలిసిపోయింది, కత్తెర మాత్రం చాలాకాలం చేతిలోనే ఉంది.

మరి పుట్టుకతోనే పొట్టి తోక ఉండే కుక్కలు లేవా? ఉన్నాయి. పెంబ్రోక్ కోర్గి, ఆస్ట్రేలియన్ షెపర్డ్, స్వీడన్ పశువుల కుక్క వాల్‌హుండ్... వీటిలో కొన్ని పిల్లలు మొండితోకతోనే పుడతాయి. కారణం ‘టి’ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. ఆ జన్యువుకు బ్రాకియూరీ అని ఇంకో పేరు. గ్రీకు మాటల్లో అర్థం పొట్టి తోకే. మొదట 1927లో ఎలుకల్లో గమనించారు. ఇందులో ఒక మెలిక ఉంది. మారిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వస్తే తోక పొట్టిదవుతుంది, అంతే. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల కడుపులోనే పోతుంది. అందుకే పొట్టి తోకల జంటను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్ల భూమ్మీద పడదు. బ్రూస్ కాటనాక్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త 1990లలో కోర్గితో బాక్సర్‌ను కలిపి, తరాల తరబడి ఎంచుకుంటూ వచ్చి, కత్తి అక్కర్లేని మొండితోక బాక్సర్లను పుట్టించాడు. తోక ఉంచేస్తే పోయేదానికి ఎంత తిప్పలు!

గొర్రెలను తోలడంలో లోకమంతా ఒప్పుకునే బోర్డర్ కోలీ జోలికి మాత్రం ఏ కత్తీ వెళ్లలేదు. పరుగు మధ్యలో అది టక్కున మళ్లేటప్పుడు తోక చుక్కానిలా పనికొస్తుంది. మనం ‘తోక ముడిచాడు’ అంటే పిరికివాడని. స్కాట్లండ్ సరిహద్దు కాపరి లెక్క వేరు. మంద ముందు నక్కినప్పుడు తోక కిందికి వాలి ఉంటే కుక్క మనసు పని మీద ఉన్నట్టు, తోక పైకెత్తిందంటే ఆటల మీదికి పోయినట్టు.

మన దగ్గర ఆ తోలే పని కాపరి గొంతే చేస్తుంది. కుక్క అసలు డ్యూటీ రాత్రిపూట. కోసిన మడిలో రైతు మంద కట్టించుకుంటాడు, ఎరువు కోసం. అందుకు కాపరికి డబ్బో ధాన్యమో ముడుతుంది. చీకట్లో నక్క వచ్చినా దొంగ వచ్చినా మొదట లేచేది చుట్టకుదురు తోకే.

అయితే తోలే కుక్క కృష్ణా డెల్టాలో లేకపోలేదు. మన బుడమేరు వెళ్లి కలిసే కొల్లేరు చుట్టూ ఒకప్పుడు జోనంగి జాగిలాలు ఉండేవి. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, పైకి చుట్టుకున్న తోక. ఇవి తోలింది గొర్రెలను కాదు, బాతులను! వేల బాతులను మళ్లలోకీ నీళ్లలోకీ మళ్లించడంలో కాపరికి చేదోడు. కొల్లేరు చేపల చెరువులయ్యాక బాతులకు చోటు తగ్గింది, జోనంగికి పని పోయింది. ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. మన జాతి కుక్కకు తోక పోలేదు, ఉద్యోగం పోయింది. నన్నడిగితే కబుర్లన్నిటిలోకీ బాధ కలిగించేది ఇదే.

అన్నట్టు, ఆస్ట్రేలియాలో గొర్రెలకే తోక కోస్తారు. మెరీనో బొచ్చులో పెంట అంటుకుని ఈగలు గుడ్లు పెడతాయని. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, తోకా సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఆ బెడదే లేదు.

తోకకు భాష కూడా ఉంది. ఇటలీ పరిశోధకులు 2007లో గమనించింది ఇది: యజమాని కనిపిస్తే కుక్క తోక కుడివైపు ఎక్కువ ఊగుతుంది, పెత్తనం చేసే కొత్త కుక్క కనిపిస్తే ఎడమవైపు. మరుసటి ఏడు కెనడాలో బొమ్మ కుక్కకు ఒకసారి పొడుగు తోక, ఒకసారి పొట్టి తోక తగిలించి పార్కులో పెట్టారు. 492 కుక్కలు ఎలా మసలుకున్నాయో లెక్కబెట్టారు. పొడుగు తోక ఊగితే పెద్ద కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయి. పొట్టి తోక ఊగినా, ఊగకపోయినా వాటికి తేడా తెలియలేదు.

“తోకకు దెబ్బలు తగులుతాయి, అందుకే కోస్తాం” అనేవాళ్ల కోసం ఒక లెక్క. బ్రిటన్‌లో 2010లో వెలువడిన పరిశోధన 52 పశువైద్యశాలలకు వచ్చిన దాదాపు 1,38,000 కుక్కలను చూసింది. తోక దెబ్బతో వచ్చినవి 281. ఒక్క తోకను దెబ్బ నుంచి కాపాడాలంటే సుమారు 500 తోకలు కోయాలని తేలింది. ముళ్లపొదల్లో దూరే కొన్ని వేటకుక్కల కోసం స్కాట్లండ్ 2017లో నిషేధాన్ని కాస్త సడలించింది. సరే, వాటికి ముళ్లకంప ఉంది. మా వీధి మేడ గేటు దగ్గర ఏ కంప ఉంది?

నార్వే 1987లోనే ఈ కోత మాన్పించింది. ఇంగ్లండ్ 2007లో. మన వెటర్నరీ కౌన్సిల్ 2011లో డాక్టర్లకు అందం కోసం తోకలు, చెవులు కోయొద్దని చెప్పింది. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది. అవయవం పాడుచేస్తే మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా! ఈ రోజుల్లో కుక్కపిల్ల మెడపట్టీ కూడా ఆ ధరకు రాదు. గుణదల వీధికుక్కల్లో కొన్నిటి చెవికి చిన్న గాటు ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు అది, మత్తులో ఉండగానే పెడతారు.

కుక్క తోక వంకర అని సామెత చేసుకుని ఊరుకున్న జాతి మనది. వంకర తీయబోయి విసిగినవాళ్ల కథలు విన్నాను గానీ, కోసి పారేయమన్న సామెత ఒక్కటీ నా చెవిన పడలేదు.

రాట్‌వైలరో డాబర్‌మనో కొనాలనుకుంటే ఒక్క మాట. మామూలుగా ఈ కోత పిల్ల పుట్టిన వారంలోపే అయిపోతుంది. మీరు వెళ్లి చూసేసరికి చేయగలిగిందేమీ ఉండదు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, తల్లి ఈనకముందే, “మాకు తోకతోనే కావాలి” అని చెప్పేయండి.