సముద్రపు గాలి - సాయంకాలపు వాన

వానాకాలంలో మన కోస్తా గ్రామాలలో సాయంకాలపు పాలు సంఘానికి చేర్చే వేళకే ఉరుములు, మెరుపులతో వాన రావడం సభ్యులకు అనుభవమే. ఉదయమంతా ఎండ కాసి, ఆ వేళకే మబ్బు ఎందుకు పడుతుంది? కారణం తెలుసుకుంటే పశువులను, మేతను, పాలను కాపాడుకోవడం సులభమవుతుంది.

ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రపు నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రం మీది చల్లని, తేమగల గాలి వస్తుంది. ఇదే సముద్రపు గాలి. రాత్రి నేల ముందుగా చల్లబడుతుంది కనుక గాలి తిరిగి సముద్రం వైపు మళ్ళుతుంది.

జూన్ నుండి సెప్టెంబరు వరకు వీచే నైరుతి ఋతుపవనాలు బాపట్ల, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలకు ఎక్కువగా పడమటి గాలిగా వస్తాయి. పడమటి కనుమలు దాటేటప్పుడే ఆ గాలిలోని తేమ చాలావరకు అక్కడ కురిసిపోతుంది. మధ్యాహ్నం బంగాళాఖాతం నుండి సముద్రపు గాలి లోపలికి వచ్చి దీనికి ఎదురవుతుంది. రెండు గాలులు కలిసిన చోట తేమగాలి పైకి లేచి, చల్లబడి, పెద్ద మబ్బులుగా మారుతుంది. సాయంత్రానికి వాన కురుస్తుంది. మబ్బు లేచిన చోటనే వాన కనుక ఒక ఊరు తడిస్తే పక్క ఊరు పొడిగా ఉండవచ్చు.

అన్ని రోజులూ ఇలా జరగదు. పడమటి గాలి మరీ బలంగా ఉంటే సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు. అప్పుడు తీరంలో ఎండ మండిపోతుంది. వాయుగుండం వల్ల ఆకాశం మూసుకుపోతే నేల వేడెక్కదు. అప్పటి వాన ఏ వేళనైనా రావచ్చు. అక్టోబరు నుండి ఈశాన్య ఋతుపవనాల గాలి సముద్రం మీదుగానే వస్తుంది కనుక, ఆ వానకూ సాయంత్రమనే నియమం లేదు.

ఉదయం ఎండ, ఉక్క ఉండి, మధ్యాహ్నం గాలి తూర్పుకు తిరిగి, పడమట గోపురాల వలె మబ్బులు లేస్తే సభ్యులు ఈ జాగ్రత్తలు తీసుకోవాలి:

1. పశువులను పెందలాడే ఇంటికి తోలుకొని రావాలి. ఒంటరి చెట్టు కింద, తీగ కంచె పక్కన కట్టరాదు.

2. ఎండు మేతను, దాణాను తడవకుండా కప్పాలి. బూజు పట్టిన మేతలోని విషం పాలలోకి కూడా దిగుతుంది.

3. పాలు త్వరగా పితికి, వానకు ముందే కేంద్రానికి చేర్చాలి. క్యాను మూత బిగించాలి.

4. ఉరుము వినిపిస్తే పాలతో బయలుదేరరాదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగు హెచ్చరికలు తెలిపే దామిని యాప్‌ను సంఘంలో ఒకరైనా ఫోనులో ఉంచుకొని మిగిలినవారికి చెప్పాలి.

పాలు ఒక పూట ఆలస్యమైనా నష్టం కొంతే. మనిషి గాని, పాడి గేదె గాని పిడుగుకు బలి అయితే ఆ నష్టం తీరేది కాదు.