విలాసపు మోటారు – ఇల్లాలి లెక్క



బడిపంతులు భార్యకు మోటారుబండ్ల ప్రసంగ మెందులకని మీలో ననేకులు నవ్వుకొనవచ్చును. మా యింటనున్న వాహన మొక్క స్కూటరు. అదియు మా వారు పాఠశాలకు పోయివచ్చుటకే సరిపోవును. అట్టి నేను 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో పురాణపఠనము మాని, జర్మనీదేశపు కారుల మరమ్మతు పద్దులను చదువవలసి వచ్చినది. హైదరాబాదునుండి మా మరదలు ఫోనులో వ్రాసి పంపిన జాబు దీనికి కారణము.

"వదినా! మీ తమ్ముడు పాత పోర్షే కారు కొందునని పట్టుబట్టియున్నారు. ధర 34 లక్షలట. చేత నున్నది 14 లక్షలు. తక్కిన 20 లక్షలకు అప్పు చేయుదురట. అప్పు పూర్తిగా దొరకకున్నచో నా నగలు కుదువబెట్టుదమనిరి. కాదన్నచో నాకు ముచ్చట తెలియదందురు. ఔనన్నచో పాప చదువునకై దాచినది మిగులదు. మీరైనను ఒక మాట చెప్పుడు."

మా తమ్ముని నేనెఱుగుదును. పదియేండ్ల వయస్సున ఆ కారు బొమ్మను బీరువా తలుపు లోపలివైపున అన్నపు మెతుకులతో నంటించి, నాన్నగారిచేత చీవాట్లు తిన్నవాడు. ఇరువదియేండ్లు గడచినను చెదరని కోరికను ఒక్క మాటతో వలదనుట నాకు న్యాయముగా తోచలేదు. మగవారి ముచ్చటలన్నియు దుబారా యనియు, మన పట్టుచీరలు మాత్రము పెట్టుబడి యనియు వాదించువారిలో నేను చేరను. కాని కోరిక యెంత పాతదైనను లెక్క మాత్రము క్రొత్తగా వ్రాయవలసినదే. సెలవు లీయగానే మా వారును నేనును హైదరాబాదునకు ప్రయాణమైతిమి.

ముందుగా ఆ బండి యెట్టిదో చెప్పెదను. జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమునందలి పోర్షే సంస్థ 1990 తరువాతి కొలది యేండ్లలో అమ్మకములు తగ్గి మిక్కిలి యిబ్బందిపడెను. 1993లో అమెరికాలోని డెట్రాయిటు ప్రదర్శనమున రెండు కుర్చీల చిన్నబండి నమూనా నొకదానిని చూపగా జనులు మెచ్చిరి. 1996లో అది బాక్‌స్టరు అను పేర అంగడికి వచ్చి, ఆ సంస్థ మరల నిలద్రొక్కుకొనుటకు తోడ్పడెను. దానికి గుడ్డపైకప్పు. కావలసినపుడు మడచి వెనుకకు త్రోయవచ్చును. ఇంజను ముందుభాగమున నుండదు. కూర్చుండువారి వీపునకు వెనుకను, వెనుక చక్రములకు ముందును ఉండును. మేము చూచిన బండ్లలో ఆఱు సిలిండర్లు. అవి నిలువుగా గాక, ప్రక్కకు మూడు చొప్పున పరుండియున్నవి. బరువంతయు నేలకు దగ్గఱగా, బండి నడుమ నుండుటచేత మలుపులలో తూలదని చెప్పుదురు. రెండు కుర్చీలే యని మఱల జ్ఞాపకము చేయుచున్నాను. మా తమ్ముని యింట ముగ్గురు.

విదేశమున సిద్ధమై యోడపై వచ్చు బండిపై మన దేశమున సుంకము బహుభారము. అంత యిచ్చి కొన్న ధనికుడు కొన్నియేండ్లకు దానిని సగమునకంటె తక్కువకు అమ్ముకొనును. అప్పుడు మా తమ్మునివంటి యుద్యోగి చేతికి అది అందునట్లు కనబడును. చిక్కంతయు నిక్కడనే యున్నది. బండి వెల తగ్గును గాని, బండిలోని భాగముల వెల తగ్గదు. జమీందారు మేడ చవుకగా దొరకినను, దానికి వేయవలసిన సున్నము చవుకగా దొరకదు గదా! పాత పోర్షేకు వేయు బ్రేకుబిళ్లలు క్రొత్త పోర్షేకు వేయువానితో సమానమైన వెలగలవి. పైగా పాతదానికే అవి తఱచుగా కావలయును.

మొదటి రాత్రి మా మరదలు, నేను క్యాలెండరు కాగితము వెనుక లెక్క వేసితిమి. 20 లక్షల అప్పు, నూటికి 12 వడ్డీ, 5 ఏండ్ల గడువు. నెలకు 44,489 రూపాయల వాయిదా. గడువు తీరునప్పటికి వడ్డీయే 6 లక్షల 69 వేలు దాటును. ఇంతవఱకు మా తమ్ముడును లెక్క వేసియేయుండెను. వాడు వేయనిది తరువాతి లెక్క. కార్ఖానావారిచే వ్రాయించుకొని వచ్చిన అంచనాల ప్రకారము ఏడాదికి బీమా 80 వేలు. సాలుకొకమారు చేయించు సర్వీసు 70 వేలు. నాలుగు టైర్లు 1 లక్ష 40 వేలు. టైర్లు మూడేండ్లు వచ్చుననుకొన్నను ఏటికి 47 వేలు పడును. ఈ బండికి వెనుక టైర్లు వెడల్పు, ముందువి సన్నము. మన బండ్లకువలె ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చి అరుగుదలను సరిచేయ వీలులేదు. బ్రేకులు, బ్యాటరీ, అనుకొనని చిల్లర మరమ్మతులు కలిపి మఱియొక 50 వేలు. మొత్తము 2 లక్షల 47 వేలు. నెలకు ఇరువది వేల యైదువందలకు పైమాట. పెట్రోలు ఇందు చేరలేదు.

మా తమ్ముడు కాగితమును చాలసేపు చూచి, "అక్కా! ఒక్కమారు బండిని చూచి మాటాడుము" అనెను.

మఱునాడు పోయితిమి. అది 2013 నాటి ఎఱ్ఱబండి. అద్దమువలె మెఱయుచుండెను. అమ్మువాడు అది 18,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినదనెను. మా తమ్ముని ముఖము చూడగా నాకు అరణ్యపర్వములోని ఋతుపర్ణుడు జ్ఞప్తికి వచ్చెను. రాజు కండగల గుఱ్ఱములను కోరగా, బాహుకుడు బక్కవానిని లక్షణములు చూచి యేఱెను. ఒక్క దినములో విదర్భ చేర్చినవి ఆ బక్కగుఱ్ఱములే. నాకు బండి లక్షణములు తెలియవు. వాసన మాత్రము తెలియును. తలుపు తెఱవగానే అత్తరువాసన గుప్పుమనెను. దాని క్రింద వర్షాకాలమున బియ్యపుడబ్బాలో వచ్చు ముక్కవాసన. అది యే యిల్లాలికి తెలియదు?

కుర్చీనడ్డుపట్టీని చివరవఱకు లాగుమంటిని. సాధారణముగా బయటికి రాని ఆ చివరిభాగమున బురదచార కనబడెను. కుర్చీక్రింది కమ్ములు త్రుప్పుపట్టియున్నవి. 2020 అక్టోబరులో హైదరాబాదున కురిసిన కుంభవృష్టికి ఎన్ని వీధులు మునిగినవో మీరెఱుగుదురు. ఈ బండి ఆ నీటనే మునిగినదో, మఱి యే నీట మునిగినదో చెప్పలేను గాని, మునుగుట మాత్రము మునిగినది. ఇట్టి కారులలో తీగలును, చిన్న చిన్న కంప్యూటరు పెట్టెలును అనేకములు. నీరు త్రాగిన తీగ ఆ దినముననే చెడదు. ఏడాదికో, రెండేండ్లకో, కొన్నవాని చేతిలో చెడును.

టైరు ప్రక్కగోడపై నాలుగంకెల గుర్తుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. ఈ బండిపై 1416 అని యుండెను. అనగా 2016లో 14వ వారమున చేసిన టైరు. పైగాట్లు నిండుగనే యున్నను ఎనిమిదేండ్ల రబ్బరు గట్టిపడి తడినేలను పట్టదు. అధీకృత కార్ఖానాలో బండి సంఖ్య చెప్పి పాతపద్దు అడుగగా, 2019లోనే అది 31,000 కిలోమీటర్లు తిరిగినట్లు వ్రాసియుండెను. అంకెలు వెనుకకు నడచు విద్య ఆ బండి కెవరు నేర్పిరో! మా తమ్ముడు ఇంటికి వచ్చువఱకు మాటాడలేదు. భోజనమువేళ, "నీవు రాకున్నచో నిన్ననే బయానా యిచ్చియుందును" అని మాత్రమనెను.

వాడు నిరాశపడుట చూచి నేనొక పందెము పెట్టితిని. బండి లేకయే బండి గలవానివలె పది నెలలు బ్రతుకవలయును. వాయిదా, పోషణ కలిపి నెలకు 65 వేలు. జీతము వచ్చిన దినముననే వేఱు ఖాతాలో వేయవలయును. ఆ ఖాతా మా మరదలి చేతిలో నుండును. పది నెలలు నెగ్గినచో బండి మోయగలడు. నెగ్గకున్నచో, నష్టములేకయే తెలిసిపోవును. మా వారు దీనిని విని, ఇది పరీక్షకు ముందు పెట్టు పరీక్ష యనిరి.

ఎనిమిది నెలలు సొమ్ము పూర్తిగా పడినది. దసరా నెలలో 25 వేలే పడినది. పాపకు జ్వరము వచ్చి ఆస్పత్రిలో నున్న నెలలో ఏమియు పడలేదు. ఆ రెండు నెలలే మా తమ్మునికి కనువిప్పు కలిగించినవి. నిజముగా అప్పు చేసియుండినచో ఆ జ్వరము నెలలోను బ్యాంకువారికి 44,489 రూపాయలు కట్టవలసియేయుండును. పోగైనది 5 లక్షల 45 వేలు. 34 లక్షల బండి తనది కాదని వాడే చెప్పెను. ఆ మాట నా నోట వచ్చియుండినచో జన్మాంతమువఱకు వినవలసి వచ్చెడిది!

2025 వేసవిలో రెండవ బండి కనబడెను. 2011 నాటి బూడిదరంగు బాక్‌స్టరు. కొన్ననాటినుండి ఒకే యజమాని, వయసుచెల్లినవారు. తలుపుమీద గీత, కుర్చీతోలున ముడుత. ఎవరును మురిసి చూడని బండి. కాని ఆయన బల్లపై పెట్టిన కట్టలో ప్రతి సర్వీసు రసీదును తేదీల వరుసన ఉన్నది. ధర 21 లక్షలు. 2026తో రిజిస్ట్రేషనునకు 15 ఏండ్లు నిండును. అటుపిమ్మట సామర్థ్యపరీక్ష చేయించి, 5 ఏండ్లకొకమారు దానిని మరల పొందుచుండవలయును. వెల తగ్గుటకు ఇదియు నొక కారణము.

ఈ తరగతి బండ్లలో ఏ సంవత్సరపుదో తెలిసికొనుట ముఖ్యము. 1996 మొదలు 2008 వఱకు వచ్చిన నమూనాల యింజనులో నడిమి యిరుసొకటి యుండెడిది. కొన్ని బండ్లలో దాని చివరి బేరింగు అరిగి విఱిగి, ఇంజనునంతను పాడుచేసెడిది. 2009 నమూనాతో ఆ యిరుసునే తీసివేసిరి. కావున మఱింత చవుకగా దొరకు పాతవానిని మేము తలపెట్టలేదు.

కొనకముందే బండిని అధీకృత కార్ఖానాలో ఒక పూట విడిచి, రుసుము చెల్లించి, పరీక్ష చేయించితిమి. ఆ రుసుమును దుబారా యనువారున్నారు. పెండ్లికి ముందు వరుని గూర్చి విచారింపబోయిన రైలు ఖర్చును దుబారా యనగలమా? అచటివారు బండికి కంప్యూటరు తగిలించి, ఇంజనును దాని హద్దునకు మించి ఎన్నిమాఱులు త్రిప్పిరో చదివిరి. ముందువైపు గాలిద్వారములలో దీపము వేసి చూచిరి. అందు ఎండుటాకులు పేరుకొని, తేమ పట్టి, వెనుకనున్న రేడియేటరును, చల్లనిగాలి యంత్రపు జల్లెడను తినివేయునట. మేము చూడగా దోసెడాకులు వచ్చినవి; లోహము బాగుగనేయున్నది. పైకప్పు మూలలలో వాననీరు దిగిపోవు తూములుండును. అవి పూడినచో నీరు లోపలికి దిగి, కుర్చీక్రిందనున్న విద్యుత్పరికరమును తడుపును. పిదప బండి కదలదు. మేస్త్రి ఒక చెంబెడు నీరు పోసి, క్రిందినుండి కారుట మాకు చూపెను. వెనుక బ్రేకుబిళ్లలు మాత్రము మార్చవలయుననిరి. ఆ వ్యయమును యజమాని ధరలో తగ్గించుకొనుటకు మాఱు, తానే మార్పించి యిచ్చెను.

పత్రముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. యాజమాన్యము మాఱుటకు 29, 30 సంఖ్యల ఫారములు కావలయును. పూర్వపు యజమానికి అప్పుండినచో అది తీరినట్లు బ్యాంకువారి పత్రమును, 35వ ఫారమును వలయును. అన్యరాష్ట్రపు బండియైనచో అచటి అధికారుల నిరభ్యంతరపత్రమే గాక, ఇచట పన్ను మరల కట్టవలసివచ్చును. చవుక యనుకొన్నది అక్కడ తేలిపోవును. బీమాను 14 దినములలో మన పేర మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టవలయును. పరిహార మడుగనందులకు పూర్వపు యజమాని సంపాదించుకొన్న బీమా తగ్గింపు ఆయనదే గాని బండిది కాదు. చెల్లింపని జరిమానాలున్నవేమో ముందే చూచుకొనవలయును.

ధరలో 14 లక్షలు దాచుకొన్న సొమ్ము. 7 లక్షలు మూడేండ్ల అప్పు, నెలకు 23,250 రూపాయలు. పది నెలల పందెములో పోగైన 5 లక్షల 45 వేలు ముట్టుకొనరాదని మా మరదలు షరతు పెట్టెను. అందుండి పోయినది ఇంతవఱకు బీమా, పేరుమార్పు వ్యయములు మాత్రమే. ఆమె నగలు బీరువాలోనేయున్నవి. బొమ్మ అంటించిన పాత బీరువా కాదు, ఇనుపబీరువా.

మేము ఊరికి మరలు ముందురోజు సాయంకాలము మా తమ్ముడు నన్ను ఆ బండిలో ఎక్కించుకొని, మా పిన్నిగారింటికి తీసికొనిపోయెను. నేలమీద చాపపై కూర్చున్నట్లుండెను. దానికి ముందొకటి, వెనుకనొకటి సామాను అరలు గలవు. ఇంజను దగ్గఱ నుండుటచే వెనుకది వెచ్చబడునని విని, పిన్నికై తెచ్చిన ఆవకాయజాడీని ముందరలో పెట్టించితిని. ఆ యర జాడీల కొఱకు చేసినది కాదని వాడు గొణిగెను. మా వారు, మరదలు, పాప పాత మారుతిలో మా వెనుక బయలుదేఱిరి. త్రోవలో వచ్చిన ప్రతి వేగనిరోధకపు మిట్టకడను, క్రిందితట్టు రాచుకొనునేమోయని మా తమ్ముడు చీమవలె దాటించుచుండుటచేత, వారే మాకంటె ముందు చేరి, పిన్నిగారి గుమ్మమున కాఫీ త్రాగుచుండిరి.