వెలుగునీడలు: నిలువెత్తు రూపచిత్రణము

వేకువనే లేచి వాకిట ముగ్గు పెట్టు చేతికి గీత నేర్పవలసిన పనిలేదు. చుక్కల నడుమ తొట్రుపడక సాగు గీతను మన తల్లులు తరతరములుగా దిద్దుచున్నారు. అయినను, ఎదుట నిలుచున్న మనుష్యుని ఆపాదమస్తకము కాగితముపై వ్రాయబూనినప్పుడు గీత యొక్కటియే చాలదు. గీత రూపమునకు పొలిమేరను మాత్రమే చూపును. ఆ దేహము గుండ్రనిదనియు, బరువు గలదనియు, నేలపై నిలిచియున్నదనియు చెప్పునది నీడ.

ఈ విద్యయందు ఫ్రెంచి చిత్రకారుడగు ప్రూదోన్ (1758–1823) సిద్ధహస్తుడు. ఆయన నీలి కాగితముపై నల్లసుద్దతోను తెల్లసుద్దతోను నిలువెత్తు రూపములను వ్రాసెను. ఇందలి యుక్తిని గమనింపుడు. కాగితపు నీలివన్నెయే నడిమి ఛాయ. చీకటి తావుల నల్లసుద్దయు, వెలుగు తాకిన తావుల తెల్లసుద్దయు పూసినచో, తక్కిన పనిని కాగితమే నెరవేర్చును.

వెలుగు ఒక్క దిక్కునుండియే రావలయును. అప్పుడు దేహముపై అయిదు ఛాయలు కానవచ్చును. వెలుగు నేరుగా తాకుచోట మిక్కిలి తెలుపు. దేహము ప్రక్కకు తిరిగినకొలది లేతఛాయ. వెలుగు అందని మలుపున చిక్కని నీడ. ఆ నీడలోనే గోడనుండియో నేలనుండియో తిరిగివచ్చిన మసకవెలుగు. తుదకు పాదములకడనుండి నేలపై సాగు పడునీడ. క్రొత్తవారు నాల్గవదానిని మితిమీరి తెల్లగా దిద్ది చిత్రమును చెడగొట్టుకొందురు. నీడలోని ఆ వెలుగు ఎన్నడును వెలుగువైపునున్న లేతఛాయను మించరాదు. ఇక పడునీడను మరచితిమా, మనిషి గాలిలో వ్రేలాడినట్లుండును.

నిలువెత్తు దేహము సుమారు ఏడున్నర తలల పొడవుండునని చిత్రకారుల లెక్క. ముందుగా ముఖమునే దిద్దుచు కూర్చున్నచో పాదములకు చోటు చాలదు. కావున కన్నులు సగము మూసి చూడుడు. చిన్న వివరములన్నియు అణగి, వెలుగొక ముద్దగను నీడయొక ముద్దగను తోచును. ఈ రెంటిని శిరస్సునుండి పాదమువరకు పరచిన పిమ్మటనే కన్నుముక్కుల ప్రసక్తి.

ఇట్టి అభ్యాసము స్త్రీలకు చిరకాలము దక్కలేదు. 1768లో లండనున నెలకొల్పబడిన రాయల్ అకాడమీ స్థాపకసభ్యులలో ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అను ఇరువురు వనితలుండిరి. అయినను, ఆ సభ్యులు నగ్నపురుషుని యెదుట గుమిగూడియున్న దృశ్యమును జోఫనీ చిత్రించినప్పుడు, ఈ యిరువురికి ఆ గదిలో చోటు లేకపోయెను. వారు గోడకు తగిలించిన పటములుగా మాత్రమే అందు కనబడుదురు. 1860లో లారా హెర్ఫర్డ్ తన పేరులోని మొదటి అక్షరమును, ఇంటిపేరును మాత్రమే వ్రాసి చిత్రములు పంపగా, పురుషుడనుకొని ఆ సంస్థ పాఠశాలలో చేర్చుకొనిరి. సజీవరూపమును చూచి వ్రాయు అభ్యాసము మాత్రము, అదియును కొంతమేర వస్త్రము కప్పిన రూపముతో, 1893లో గాని అచటి విద్యార్థినులకు లభింపలేదు. దేహమును చూచి నేర్వనివారు పురాణేతిహాసముల మహాచిత్రములనెట్లు వ్రాయగలరు? పూలగుత్తులును ముఖచిత్రములును పెక్కుమంది వంతయ్యెను. పిమ్మట, మహాచిత్రములు స్త్రీలకు చేతకావని లోకము నిందించెను. తలుపు మూసినవారే లోనికి రాలేదని తప్పు పట్టిరి!

నేడు ఆ తలుపులు తెరచియున్నవి. పాఠశాలకు పోజాలని గృహిణియు ఇంటనే ఆరంభింపవచ్చును. రాత్రివేళ గదిలో ఒక్క దీపమునే యుంచి, చెల్లెలిని ఓరగా పది నిమిషములు నిలువబెట్టుడు. చీరకుచ్చెళ్లు ఎచట నీడలోనికి మరలునో చూడుడు. లోని మోకాలి వంపును అవియే తెలుపును. రంగుకాగితము, బొగ్గుపుల్ల, తెల్లసుద్ద యున్న చాలును.

అలికిన నేలయే నడిమి ఛాయగా తెల్లని ముగ్గు దిద్దుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. అందులో సగమును మన మెరిగినవారమే. ఇక నేర్వవలసినది నీడ యొక్కటియే.